హోం నుంచి వచ్చిన కుర్రాడికి తోడెవరు: వాలంటీరా, మేస్త్రా, ఆ దారి నడిచొచ్చినవాడా?

ఈ ప్రశ్న ఇప్పటికి చాలామంది అడిగారు. ఎక్కువగా తల్లులు, ఆ తర్వాత కాలేజీ పిల్లలు. కేసుల్లో ఇరుక్కున్న పద్దెనిమిదేళ్లలోపు పిల్లలను ఉంచే అబ్జర్వేషన్ హోం నుంచి బయటికొచ్చిన కుర్రాడికి బయటి మనిషి ఒకరు పెద్దదిక్కుగా ఉంటే మంచిదంటున్నారు, ఎవరైతే మేలు అని. విశాఖలో మామూలుగా దొరికేవాళ్లు ముగ్గురు: ఏదో ఒక సంస్థ తరఫున వచ్చే వాలంటీరు, పని నేర్పే మేస్త్రి, ఒకప్పుడు కేసుల్లో తిరిగి ఇప్పుడు కుదురుకున్న మనిషి. పిల్లల కేసులు చూసే జువైనల్ జస్టిస్ బోర్డు, బయటికొచ్చాక కుర్రాణ్ని గమనించే ప్రొబేషన్ ఆఫీసరు, బోర్డు పెట్టే షరతుల జోలికి పోకుండా నేరుగా విషయానికొస్తాను.

నా లెక్కలో తేల్చేది ఒక్కటే. ఏడాది తర్వాత కూడా ఆ మనిషి అక్కడ ఉంటాడా? మంచితనం, చదువు, మాట తీరు అన్నీ దాని తర్వాతే. అమెరికాలో ఒక్కో పిల్లాడికి ఒక్కో పెద్ద మనిషిని వాలంటీరుగా జత చేసే బిగ్ బ్రదర్స్ బిగ్ సిస్టర్స్ కార్యక్రమంలోని పిల్లల మీద 2002లో ఒక అధ్యయనం వచ్చింది. ఏడాది, అంతకుమించి సాగిన జోడీల్లో పిల్లలకు ఎక్కువ మేలు జరిగింది. మూడు నెలల్లోపే తెగిపోయిన చోట మాత్రం పిల్లలకు తమ మీద తమకున్న నమ్మకం ఇంకా తగ్గింది. అక్కడున్నది కేసుల్లోంచి వచ్చిన పిల్లలు కాదు, మామూలు పిల్లలే. ఇప్పటికే నలుగురు వదిలేసి పోయిన కుర్రాడి సంగతి వేరే చెప్పాలా?

ఈ కొలతతో చూస్తే వాలంటీరు వెనకబడతాడు. వాళ్ల మనసు మంచిదే. కానీ సెమిస్టర్ పరీక్షలొస్తే నెల్లాళ్లు కనబడరు, ప్లేస్‌మెంట్ వస్తే హైదరాబాదో బెంగళూరో రైలెక్కేస్తారు. ఇంకో ఇబ్బంది ఫొటో. పుట్టినరోజు కేకు కోయించి, కుర్రాడి భుజం మీద చెయ్యేసి స్టేటస్ పెట్టేస్తారు. 2015 నాటి జువైనల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ కింద పిల్లాడెవరో బయటపెట్టడం నేరం, ఆరు నెలల వరకు జైలు, రెండు లక్షల వరకు జరిమానా పడొచ్చు. ఆ స్టేటస్ ముందు చూసేది కుర్రాడి వీధివాళ్లే.

కాగితాల పనిలో మాత్రం వాలంటీరును మించినవాళ్లు లేరు. ఓపెన్ స్కూల్ ఫారం, ఆధార్‌లో ఫోన్ నంబరు మార్పించడం, కంచరపాలెం ఐటీఐకి దరఖాస్తు, బ్యాంకు ఖాతా. పద్దెనిమిది నిండి హోం వదిలినవాళ్లకు పిల్లల కోసం కేంద్రం పెట్టిన మిషన్ వాత్సల్య పథకం కింద ఆఫ్టర్‌కేర్‌కు, అంటే హోం వదిలాక నిలదొక్కుకోవడానికి, నెలకు 4,000 రూపాయలు ఇచ్చే ఏర్పాటుంది, మామూలుగా 21 ఏళ్లు వచ్చేదాకా. దాని వెంటపడి తిరిగే ఓపిక తల్లికి ఉండదు, ఉన్నా కూలి పోతుంది.

మూడో మనిషి, అంటే ఒకప్పుడు కేసుల్లో తిరిగి కుదురుకున్నవాడి గురించి చాలామందికి భయం. న్యూయార్కులో ఇలాంటివాళ్లకే జీతాలిచ్చి, ప్రొబేషన్ మీద, అంటే జైల్లో కాకుండా బయటే అధికారి నిఘాలో ఉన్న 16 నుంచి 24 ఏళ్ల కుర్రాళ్లకు తోడు పెట్టారు. ఆర్చెస్ అనే ఆ కార్యక్రమంలో చేరినవాళ్లకు ఏడాది తిరిగేసరికి పెద్ద నేరాల్లో మళ్లీ శిక్ష పడటం, అలాంటి మిగతావాళ్లతో పోలిస్తే 69 శాతం తక్కువగా ఉందని 2018లో అర్బన్ ఇన్‌స్టిట్యూట్ అనే అక్కడి పరిశోధన సంస్థ లెక్క తేల్చింది. చిన్న అంకె కాదు. కుర్రాడు నా దగ్గర, మీ దగ్గర చెప్పే అబద్ధం ఆయన దగ్గర చెల్లదు.

కానీ అక్కడ అది జీతమిచ్చే ఉద్యోగం. ఇక్కడ ఆయన పగలంతా ఆటో తోలుకుని, మిగిలిన టైంలో రావాలి. పైగా పాత రౌడీషీటు ఇంకా ఎత్తేయకపోతే ఆదివారం కౌన్సెలింగ్ అని స్టేషన్‌కు పిలుస్తూనే ఉంటారు. ఆయన పక్కన కుర్రాడు నడిస్తే రాత్రి బీటులో ఇద్దర్నీ ఆపుతారు. అందుకే ఆయన నెలకోసారి నలుగురు కుర్రాళ్లను కూర్చోబెట్టి మాట్లాడితే చాలు, రోజూ తోడు ఆయన మీద పెట్టొద్దంటాను.

ఇక మేస్త్రి. ఏసీ మెకానిక్ కావచ్చు, సెల్ రిపేర్ కావచ్చు, టైలరు కావచ్చు. ఆయన షాపు వదిలి ఎక్కడికీ పోడు, సాయం చేస్తున్నానన్న ఫీలింగూ ఉండదు. ఆయనకు మనిషి కావాలి, కుర్రాడికి పని కావాలి. ఇద్దరికీ అవసరం ఉన్న చోటే బంధం నిలుస్తుంది. నాకు తెలిసిన ఒక సెల్ రిపేర్ మేస్త్రి కొత్త కుర్రాడికి మొదటి వారంలోనే ఐదొందల నోటిచ్చి డిస్‌ప్లే తెమ్మని పంపాడు. తిరిగొచ్చాక చిల్లర లెక్కపెట్టి మరీ గల్లాపెట్టెలో వేశాడు. ముందునుంచీ ఉన్న కుర్రాడి దగ్గరా అలాగే లెక్కపెడతాడు. నమ్మకం పేరుతో ఈ కుర్రాడి చిల్లర ఒక్కటే లెక్కపెట్టకపోతే, నీ సంగతి నాకు తెలుసని చెప్పినట్టే కదా!

ఇంకోటి, సాయంత్రాలు. ఆరు నుంచి పది దాకా మలుపులో పాత జట్టు బండేసుకుని నిలబడే టైం. ఆ గంటల్లో కౌన్సెలర్ ఇంట్లో ఉంటాడు, వాలంటీరు హాస్టల్లో ఉంటాడు, షాపు మాత్రం తెరిచే ఉంటుంది. రాకపోతే ఫోనొస్తుంది: "ఏట్రా, రాలేదేటి? పీసులన్నీ అలాగే పడున్నాయి."

మేస్త్రులందరూ మంచివాళ్లేమీ కాదు. తాగేసి వచ్చేవాడు, చెయ్యి చేసుకునేవాడు, ఏడాదైనా టీలు తెప్పించడం తప్ప పని చూపించనివాడు ఉంటారు. చేర్చేముందు పాత కుర్రాళ్లు అక్కడ ఎన్నాళ్లున్నారో కనుక్కోండి. పద్నాలుగు దాటి పద్దెనిమిది నిండనివాడిని ప్రమాదకరమైన పనుల్లో పెట్టకూడదని చట్టం.

బాబాయి, మేనమామల దగ్గర ఉంచడం మామూలుగా నేను చెప్పను. ఇంట్లో ఏది పోయినా ముందు చూపు వీడి మీదకే వెళ్తుంది. గంజాయి కేసైతే మాత్రం మాట వేరు. ఏజెన్సీ నుంచి సరుకు మోయించినవాడు, పట్టుబడ్డ సరుకు నీ బాకీ అంటూ మళ్లీ ఇంటికొస్తుంటే, అదే పేటలో ఎంత మంచి మేస్త్రి ఉన్నా లాభం లేదు. బోర్డుకు చెప్పి ఊరు మార్చడమే నయం. బెదిరింపుల సంగతి గంజాయి, డ్రగ్స్ మీద పనిచేసే రాష్ట్ర పోలీసు విభాగం ఈగల్ నంబరు 1972కి చెప్పొచ్చు. పోలీసు కౌన్సెలింగంటారా, అది హాజరు వేయించుకోవడమే.

పోర్టు, స్టీల్‌ప్లాంటు, షిప్‌యార్డు కాంట్రాక్టు పనుల్లో గేట్ పాసుకు పోలీసు వెరిఫికేషన్ అంటే తల్లులకు టెన్షన్. కేసు ముగిసిపోతే క్యారెక్టర్ సర్టిఫికెట్ కోసం పిల్లాడి రికార్డు పోలీసులు బయటపెట్టకూడదని అదే 74వ సెక్షన్ చెబుతోంది. పదహారు దాటి ఘోర నేరంలో పెద్దవాళ్లలాగా విచారణ జరిగి దోషిగా తేలినవాళ్లకు తప్ప, పాత శిక్ష ఉద్యోగానికి అడ్డు కాకూడదని 24వ సెక్షన్. ఎవరైనా అడ్డుపెడితే న్యాయసేవాధికార సంస్థ 15100కి ఫోన్ చేయండి, పిల్లలకు న్యాయ సహాయం ఉచితం. ఇక్కడ మళ్లీ వాలంటీరే పనికొస్తాడు.

కాబట్టి రోజూ మేస్త్రి, కాగితాలకు వాలంటీరు. ఇద్దరిలో ఒక్కరే దొరికితే మేస్త్రినే పట్టుకోండి, ఫారాలు ఎవరైనా నింపుతారు. అమ్మాయిల విషయంలో ఇదంతా ఇలాగే వర్తించదు, దాని గురించి విడిగా రాయాలి.

మేస్త్రికి కేసు సంగతి చెప్పాలా అని కూడా అడుగుతున్నారు. ముందు కుర్రాణ్ని అడగండి. బోర్డులో వాయిదాలు నడుస్తుంటే ఆ రోజుల్లో సెలవు కావాలి గనక ఆ మాత్రం చెప్పక తప్పదు. ఏ కేసు, ఎవరితో, ఎక్కడ అన్నవి ఆయన అడిగినా మీరు చెప్పొద్దు. చెప్పాలనిపిస్తే కుర్రాడే ఏదో ఒక రోజు చెబుతాడు.