జాగ్రత్త: పళ్ళు మారే కుక్కపిల్ల ఉన్న ఇంట్లోకి జెల్ కూలింగ్ మ్యాట్ తేకండి

కుక్కపిల్ల పడుకుంటే చల్లగా ఉంటుందని ఆన్‌లైన్‌లో అమ్మే, లోపల జెల్ నింపిన నీలం రంగు మ్యాట్ చూస్తున్నవాళ్ళు ఇది చదివాకే డబ్బు కట్టండి. నేను 1,499 రూపాయలు పెట్టి కొన్నాను. మూడు రోజులు వచ్చింది. దాని పుణ్యమా అని డాక్టరుకి, స్కానింగ్‌కి అయిన ఖర్చు అంతకు రెట్టింపు.

మాది చెన్నైలో పెరంబూరు. మూడో అంతస్తు, ఆపైన డాబా మాత్రమే, కాబట్టి ఎండంతా మా నెత్తినే. ఈ మండుటెండల రోజుల్ని ఇక్కడివాళ్ళు కత్తిరి అంటారు, మన లెక్కలో కృత్తిక కార్తె, దానికి కాస్త అటూ ఇటూ. మా గోలీకి ఐదో నెల, లాబ్రడార్. మధ్యాహ్నం నాలుక వేలాడేసి రొప్పుతూ కూడా ఆట ఆపడు. కుక్కకి మనలా ఒళ్ళంతా చెమట పట్టదు కదా, రొప్పినప్పుడు నోట్లో తడి ఆరితేనే చల్లబడుతుంది. సముద్రపు ఉక్కలో ఆ తడి తొందరగా ఆరదు. అందుకే టెన్షన్ పడి, ప్రకటనలో 'కరెంటు అక్కర్లేదు, ఫ్రిజ్ అక్కర్లేదు, కుక్క కొరికినా చిరగదు' అని చూడగానే ఆర్డర్ పెట్టేశాను.

మొదటిరోజే అర్థం కావాల్సింది. ఉదయం చెయ్యి పెడితే చల్లగా ఉంది. మధ్యాహ్నానికి గది ఎంత వేడిగా ఉందో అదీ అంతే వేడి. ఆలోచిస్తే అందులో మోటారుందా, ఐసుందా? గది 35 డిగ్రీలుంటే లోపలి జెల్ కూడా 35 డిగ్రీలే. కుక్క ఒంటి వేడి మామూలుగా 38 నుంచి 39 వరకు ఉంటుంది. ఆ కాస్త తేడాతో కొంచెంసేపు వేడి లాగుతుంది, తర్వాత అదే వెచ్చని పరుపైపోతుంది. ఏసీ గదిలో పనిచేస్తుందేమో. ఏసీ ఉంటే మ్యాట్ ఎందుకు?

మూడోరోజు ఆరేసిన బట్టలు తేవడానికి మేడమీదికి వెళ్ళాను. పావుగంట. దిగొచ్చేసరికి హాలంతా నీలం జిగురు, గోలీ మూతికి నీలం, మ్యాట్ మూల మాయం. ఆ ముక్కలన్నీ నేలమీద పేర్చి చూస్తే నాలుగు వేళ్ళంత భాగం తక్కువ వచ్చింది. మింగేశాడు.

డాక్టరుగారు అడిగిన మొదటి ప్రశ్న: "లోపల ఏముందమ్మా?" డబ్బా చూపించాను. 'నాన్ టాక్సిక్' అని పెద్ద అక్షరాలు. జెల్ దేనితో చేశారో లేదు. తయారుచేసినవాళ్ళ చిరునామా లేదు, ఏ దేశం నుంచి వచ్చిందో లేదు, ఫిర్యాదుకి ఫోన్ నంబరూ లేదు. ప్యాకెట్ సరుకుమీద చిరునామా, ఫిర్యాదు నంబరు, దిగుమతి సరుకైతే దేశం పేరు ఉండి తీరాలని మన తూనికలు కొలతల నియమాలే చెప్తున్నాయి. నేను డబ్బా తిప్పి చూసిందే ఆ రోజు. ఆయన అన్నది, జెల్ కంటే ఆ ప్లాస్టిక్ ముక్కే భయం, పేగులో అడ్డం పడొచ్చు, పైగా ప్లాస్టిక్ ఎక్స్‌రేలో సరిగా కనిపించదు అని. వేపేరి పశువైద్య కళాశాల ఆసుపత్రిలో స్కానింగ్ చేయించాం. వాంతులు, పొట్ట ఉబ్బరం ఉన్నాయేమో కనిపెడుతూ రెండు రాత్రులు నిద్ర లేదు. మూడోరోజు ఉదయం ముక్క బయటికి వచ్చింది. ఒక ఇంటావిడ దానికోసం అంత ఎదురుచూస్తుందని ఎప్పుడూ అనుకోలేదు.

అన్నట్టు, ఉప్పునీళ్ళు తాగించి కక్కించమని పక్కింటావిడ సలహా ఇచ్చారు. అది అసలు చేయొద్దని, ఉప్పే కుక్కకి ప్రమాదమని డాక్టరుగారు గట్టిగా చెప్పారు.

ఇక అమ్మినవాళ్ళ సంగతి. ఫొటోలు పంపితే 'పెంపుడు జంతువు పాడుచేస్తే రిటర్న్ లేదు' అన్నారు. కొరికినా చిరగదన్నది మీరే కదా అంటే జవాబు లేదు. మర్నాటికి ఆ పేజీలో 'చిరగదు' అన్న మాట తీసేశారు. అదృష్టం కొద్దీ మా ఆయన ముందే స్క్రీన్‌షాట్ తీసి ఉంచారు. దాంతో 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టాం, నంబరు వచ్చింది, డబ్బు ఇంకా రాలేదు. రివ్యూలు కూడా అప్పుడే పూర్తిగా చదివాను. సగం రివ్యూలు దిండు గలీబు గురించి! పాత సరుకు పేజీలోనే కొత్త సరుకు పెట్టి అమ్ముతున్నారు.

ఇంతా చేసి గోలీ చల్లదనం ఎక్కడ వెతుక్కున్నాడంటే, వంటింట్లో సింకు కింద కడప బండమీద. గూడూరునుంచి వచ్చిన మా అత్తయ్య ఒక గోనెసంచి తడిపి పిండి ఫ్యాన్ కింద పరిచారు, దానిమీదా పడుకుంటున్నాడు. కిందే పరవాలి, తడిగుడ్డ ఒంటిమీద కప్పితే వేడి లోపలే ఉండిపోతుంది. గోనెపీచు కొరకడం మొదలుపెడితే తీసేస్తున్నాం. ఆటకి, స్టీలు గిన్నెలో ఉప్పు లేని పెరుగు గడ్డకట్టించి ఇస్తే అరగంట నాకుతాడు. పాత లుంగీని ముడులు వేసి అందులో తిండి గింజలు దాచి, ఎదురుగా కూర్చుంటున్నాను. వాసన పట్టి వెతికి వెతికి అలసిపోయి నిద్రపోతాడు. వాకింగ్ తెల్లారి ఐదున్నరకి. సాయంత్రం మాత్రం తారురోడ్డుమీద అరచెయ్యి వెనకభాగం ఏడు సెకన్లు ఆనించగలిగితేనే బయల్దేరుతున్నాం. ఏడు గంటలైనా కాలే రోజులున్నాయి.

ఇవాళ ఉదయం అదే మ్యాట్ ఇంకో పేరుతో 999కి కనిపించింది. ఫొటోలో అదే కుక్క, అదే సోఫా. రంగు మాత్రం నీలం బదులు బూడిద.