కారు స్టీరియో నాలుగేళ్లు వాడాక: సెట్టు మంచిదే, ఫిట్టింగే కొంప ముంచింది

మా పాత కారులో డబుల్ డిన్ (మామూలు సెట్టుకి రెట్టింపు ఎత్తుండే సైజు) టచ్ స్టీరియో పెట్టించి నాలుగేళ్లు దాటింది. సెట్టుకి పెద్దగా వంక పెట్టలేను. బ్లూటూత్ టక్కున కలుస్తుంది, మిట్టమధ్యాహ్నం ఎండలో స్క్రీన్ సరిగ్గా కనిపించదు, అంతే. డబ్బా మీద "50 వాట్లు x 4" అని ఉంటుంది కానీ అది పీక్ లెక్క, అంటే క్షణకాలం మాత్రమే ఇవ్వగలిగేది, నమ్మి మురిసిపోకండి. అసలు గొడవంతా బిగించిన తీరుతోనే.

కొన్నచోటే ఫిట్టింగ్ ఫ్రీ అన్నారు. కుర్రాడు కారుతో వచ్చిన కప్లర్ (వైర్లన్నీ ఒకేసారి కలిపే ప్లగ్గు) కత్తిరించేసి, వైర్లు మెలేసి, నల్ల టేపు చుట్టి ఇరవై నిమిషాల్లో తేల్చేశాడు. ఎంత చురుకో అనుకున్నాను! ఆ తర్వాత మూడు రోజులు బండి తీయకపోతే నాలుగోరోజు సెల్ఫ్ అందుకునేది కాదు. బ్యాటరీ పాతబడిందని కొత్తది వేయించాను, అదీ దిగిపోయింది.

చివరికి నేనే డ్యాష్ విప్పి చూస్తే సెట్టు పసుపు, ఎరుపు వైర్లు రెండూ కలిపి ఎప్పుడూ కరెంటుండే ఒకే లైనుకి ఇచ్చి ఉన్నాయి. పసుపుకి 12 వోల్టులు ఎప్పుడూ ఉండాలి, గడియారం, స్టేషన్లు గుర్తుండేది దాంతోనే. ఎరుపుకి మాత్రం తాళం తిప్పితేనే రావాలి. రెండూ అలా కలిపేస్తే బటన్ నొక్కి ఆపినా, స్క్రీన్ ఆరినా, లోపల సెట్టు మేలుకునే ఉండి రాత్రంతా బ్యాటరీని తాగుతుంది.

ఎఫ్ఎం గరగరకి కారణం కూడా అక్కడే దొరికింది. హైదరాబాద్ నడిబొడ్డున ఆకాశవాణి రెయిన్‌బో 101.9 కూడా సరిగ్గా వచ్చేది కాదు. మా కారు యాంటెన్నాలో చిన్న ఆంప్లిఫయర్ ఉంది, దానికి కరెంటిచ్చే నీలం వైరు గాలికి వేలాడుతోంది. ఒక స్పీకరుకి ప్లస్, మైనస్ తారుమారయ్యాయి, అందుకే బేస్ తేలిపోయేది. సెట్టు వైపు స్పీకరు వైర్లలో నల్లగీత ఉన్నది మైనస్. దాన్ని ఎర్త్ అనుకుని బాడీకి కలిపితే సెట్టే పోవచ్చు.

కారు వైపు రంగులు మాత్రం నమ్మకండి, ఒక్కో కంపెనీది ఒక్కో లెక్క, మల్టీమీటరుతో చూసుకోవాల్సిందే. వైర్ల జోలికెళ్లే ముందు బ్యాటరీ మైనస్ తీసేయండి. మీ మోడల్‌కి సరిపోయే కప్లర్ విడిగా దొరుకుతుంది, కొత్త బ్యాటరీతో పోలిస్తే దాని ఖరీదు ఏపాటిది.

కప్లర్ పెట్టి రెండేళ్లయింది, పేచీ లేదు. స్పీడ్ బ్రేకర్ల మీద డ్యాష్ టకటకలాడుతుంది, విప్పేటప్పుడు ఒక క్లిప్పు విరిచాను. అది నా చేతి చలవే.