సైట్ యాప్‌తో మూడేళ్లు: డ్రాయింగులకు పది మార్కులు, షెడ్యూలుకు మూడే

హైదరాబాద్ శివార్లలో నార్సింగి దాటాక, ఔటర్ రింగ్ రోడ్డుకు దగ్గర్లో రెండు సెల్లార్ల అపార్ట్‌మెంట్ ప్రాజెక్టు మాది. కాంట్రాక్టర్ తరఫున బిల్లింగ్, క్వాలిటీ రెండూ నేనే చూస్తాను. సైట్ పనులు రాసిపెట్టుకోవడానికి యాప్ వాడటం మొదలుపెట్టి మూడేళ్లు దాటింది. దాని పేరు రాయడం లేదు. కొనేముందు ఇలాంటివే మరికొన్ని డెమోలు చూశాం, లోపలి సరుకు దాదాపు ఒకటే: డ్రాయింగులు, చెక్‌లిస్టులు, ఫొటోలు, రోజువారీ రిపోర్టు, షెడ్యూలు, బిల్లులు. కొనబోయేవాళ్లకు నా మాట ముందే చెప్పేస్తాను. డ్రాయింగులు, చెక్‌లిస్టుల కోసమైతే కళ్లు మూసుకుని కొనండి. డ్యాష్‌బోర్డు మీద రంగురంగుల గీతలు చూసి మాత్రం కొనకండి. డెమోలో మొదట చూపించేది వాటినే.

ఇంతకుముందు మా పద్ధతి అందరిదీ ఉన్నట్టే ఉండేది. ఆటోక్యాడ్‌లో గీసిన డ్రాయింగు పీడీఎఫ్ అయి వాట్సాప్ గ్రూపులోకి వచ్చేది. ఎవరో ఒకరు ప్రింటు తీసి రాడ్ బెండింగ్ మేస్త్రీ చేతిలో పెట్టేవారు. ఆ కాగితం మడతల దగ్గర చిరిగేదాకా ఆయన జేబులోనే ఉండేది. ఈలోపు స్ట్రక్చరల్ కన్సల్టెంట్ ఆర్2, అంటే రెండో రివిజన్ (సవరించిన డ్రాయింగు) పంపేవాడు, దాని వెనకే ఆర్3. అవి గ్రూపులో గుడ్ మార్నింగ్ బొమ్మల కింద ఎక్కడో పడి ఉండేవి.

ఇప్పుడు కొత్త రివిజన్ ఎక్కించగానే పాతది దానంతటదే పక్కకు పోతుంది. ప్రతి ప్రింటు మూలనా ఒక క్యూఆర్ కోడ్ వస్తుంది. ఫోనుతో స్కాన్ చేస్తే ఆకుపచ్చ వచ్చిందా, చేతిలో ఉన్నది తాజాది. ఎరుపు వచ్చిందా, పాతది. నన్నడిగితే మొత్తం యాప్‌లో పెట్టిన డబ్బుకు అన్నిటికన్నా తగినది ఇదే. మూడో అంతస్తు స్లాబులో ఒక టాయిలెట్ సంకెన్ లోతును (పైపుల కోసం అక్కడ స్లాబును కిందికి దించే లోతు) 300 మిల్లీమీటర్ల నుంచి 200కు మార్చారు. పాత ప్రింటు ప్రకారం సెంట్రింగ్ అయిపోయి, కడ్డీలు సగం పరిచారు కూడా. మా జూనియర్ ఇంజనీరు అలవాటు కొద్దీ స్కాన్ చేస్తే ఎరుపు వచ్చింది. ఆ పూట సెంట్రింగ్ విప్పి సరిచేశారు, అంతటితో పోయింది. కాంక్రీటు పోశాక బయటపడి ఉంటే బ్రేకర్ మోత, కన్సల్టెంట్ ఉత్తరం, ఖర్చు ఎవరిదన్న గొడవ అన్నీ చూడాల్సి వచ్చేది. ఇంగ్లిష్ చదవడం రాని మేస్త్రీ కూడా ఇప్పుడు తనే ఫోను అడిగి తీసుకుని రంగు చూసుకుంటున్నాడు.

చెక్‌లిస్టుల విషయానికొస్తే, స్లాబు వేసే ముందు పోర్ కార్డు, అంటే కాంక్రీటు పోయడానికి అనుమతి పత్రం, నింపడం కొత్తేమీ కాదు. కాగితం మీద అయితే చాలా చోట్ల స్లాబు వేసిన మర్నాడు ఆఫీసులో కూర్చుని టిక్కులు పెట్టేవారు. యాప్‌లో అలా కుదరదు. కవర్ బ్లాకులు, ల్యాపులు, కరెంటు పైపులు, స్లీవులు, ఒక్కోదానికి అక్కడికక్కడే తీసిన ఫొటో ఉండాలి, తేదీ, సమయం దాని మీద పడతాయి. గ్యాలరీలోంచి పాత ఫొటో పెట్టనివ్వదు. క్లయింట్ (బిల్డరు) ఇంజనీరు తన ఫోనులో ఒప్పుకుంటేనే పోయడానికి అనుమతి వస్తుంది. మొదట్లో ఇది అందరికీ చిరాకే. ఆర్ఎంసీ (రెడీమిక్స్ కాంక్రీటు) లారీ గేటు దగ్గర తిరుగుతూ ఉంటే, మేస్త్రీ కింద నుంచి ‘సార్, ఫొటోలు గుంజుడు అయిందా లేదా? ఇగ పొయ్యమందునా?’ అని అరిచేవాడు. ఇప్పుడు లారీకి ఆర్డరు పెట్టకముందే ఫొటోలు అయిపోతున్నాయి.

కాంక్రీటు బలం పరీక్షించడానికి పోసే క్యూబుల లెక్క కూడా ఇందులోనే. కాంక్రీటు పనికి భారత ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం 31 నుంచి 50 ఘనపు మీటర్ల దాకా నాలుగు శాంపిళ్లు, ఆపైన ప్రతి 50కి, లేదా అందులో భాగానికి, ఒకటి చొప్పున కలుపుకోవాలి. అంటే 120 ఘనపు మీటర్ల స్లాబుకు ఆరు శాంపిళ్లు, ఒక్కోదానికి మూడు క్యూబుల చొప్పున పద్దెనిమిది. ఏడు రోజుల పరీక్షకు విడిగా తీసుకుంటే అవి అదనం. పోసిన పరిమాణం కొడితే ఎన్ని క్యూబులో అదే చెబుతుంది. 28వ రోజు పొద్దున ల్యాబ్ కుర్రాడికి గుర్తు చేస్తుంది. వరుసగా అంతస్తులు లేస్తున్నప్పుడు ఏ క్యూబు ఏ స్లాబుదో వెతుక్కునే టెన్షన్ పోయింది.

అసలు డబ్బు విషయం బండ దగ్గర తేలింది. హైదరాబాద్‌లో పునాది తవ్వినవాళ్లకు దీని గురించి నేను చెప్పక్కర్లేదు. పైన మట్టి, దాని కింద మొరం, ఆ తర్వాత మెత్త బండ, కిందకు పోయేకొద్దీ గట్టి గ్రానైట్. మొరం రేటుకూ, గట్టి బండ రేటుకూ పొంతనే ఉండదు. పక్కన ఇళ్లు ఉంటే బ్లాస్టింగ్ కుదరదు, రాక్ బ్రేకరో రసాయనమో పెట్టి పగలగొట్టాలి, దాని రేటు మళ్లీ వేరు. గట్టి బండ ఏ లెవెల్లో మొదలైందన్న దగ్గరే తగవు పుడుతుంది. తవ్వకం సబ్ కాంట్రాక్టర్ టిప్పర్లు లెక్కపెట్టుకుంటాడు, క్లయింట్ లెవెల్స్ (ఏ పొర ఎంత లోతులో ఉందన్న కొలతలు) అడుగుతాడు. తవ్వేశాక చూపించడానికి ఏమీ మిగలదు, బండ లారీలెక్కి పోతుంది.

ఇక్కడ మేం చేసిందేమిటంటే, పొర మారిన ప్రతిచోటా టోటల్ స్టేషన్ అనే సర్వే పరికరంతో లెవెల్స్ తీసి, స్టాఫ్ (కొలత కర్ర) నిలబెట్టి ఫొటో తీసి, గ్రిడ్ నంబరుతో యాప్‌లో పెట్టాం. క్లయింట్ ఇంజనీరు చేత గోతి గట్టు మీదే సంతకం చేయించుకున్నాం. రన్నింగ్ బిల్లు (పని నడుస్తుండగా పెట్టే బిల్లు) దగ్గర మామూలుగానే పేచీ మొదలైంది. గ్రిడ్ నొక్కి ఫొటో తెరిచి చూపిస్తూ పోతే ఒక్క మీటింగులో తేలిపోయింది. ఇదే రకం తగవు నా పాత ఉద్యోగంలో నెలల తరబడి సాగింది, చివరికి ఇద్దరూ చెరో సగం ఒప్పుకుని లేచారు. అలాగని యాప్ ఎప్పుడూ మన పక్షాన్నే మాట్లాడదు. తూర్పు మూలన గట్టి బండ కింద మేం అడిగినదాంట్లో కొంత, ఫొటోల్లో మొరమే కనబడుతోందని క్లయింట్ కోసేశాడు. ఏమంటాం, కనబడేది మొరమే.

ఇక షెడ్యూలు. మాకు ఎంఎస్ ప్రాజెక్ట్ అనే సాఫ్ట్‌వేరులో వేసిన ప్లాను ఉంది (పెద్ద పనుల్లో ప్రైమవేరా వాడతారు). ఆ ప్లానును యాప్‌లోకి ఎక్కించి రోజూ ఎంత శాతం అయిందో కొట్టమన్నారు. కొట్టేవాడు సాయంత్రం ఏడింటికి ఇంటికెళ్లే తొందరలో ఉన్న సూపర్‌వైజరు. టైల్స్ 90 శాతం అని పెడతాడు, వారం తర్వాతా 90 శాతమే. మిగిలిన పదిలోనే స్కర్టింగ్, కటింగ్, గ్రౌటింగ్ అన్నీ ఉంటాయి మరి. ఛఠ్ పండక్కి బిహార్ వెళ్లిన సెంట్రింగ్ గ్యాంగు ఏ రైలుకు తిరిగొస్తుందో, సంక్రాంతికి పాలమూరు పోయినవాళ్లలో ఎంతమంది వస్తారో ఏ సాఫ్ట్‌వేరుకూ తెలియదు. మేం నడిచేది ఇప్పటికీ సైట్ ఆఫీసులో తెల్లబోర్డు మీద రాసిన మూడు వారాల ప్లానుతోనే. యాప్‌లో గీతలు హెడ్ ఆఫీసు కోసం.

చికాకులు కూడా చెప్పాలి. రెండో సెల్లార్‌లో సిగ్నల్ రాదు. ఆఫ్‌లైన్‌లో పనిచేస్తుందన్నారు, నిజమే. అయితే పైకి వచ్చాక ఫొటోలు ఎక్కేలోపు ఎవరైనా లాగౌట్ అయితే ఆ పూట చేసినదంతా పోయినట్టే. సైట్ ఆఫీసులో వైఫై పెట్టించి, భోజనానికి వచ్చినప్పుడు అందరూ సింక్ చేయాలని రూలు పెట్టాక కొంత నయం. తెలుగులో రాస్తే స్క్రీను మీద బాగానే ఉంటుంది, పీడీఎఫ్ తీస్తే మాత్రం ఒత్తులన్నీ విడిపోయి పక్కన పడతాయి. దీని మీద కంపెనీకి మెయిళ్లు పెడుతూనే ఉన్నాం, వచ్చే అప్‌డేట్‌లో అంటూనే ఉన్నారు. 3డీ మోడల్ భాగాన్ని సెల్లార్‌లో ఫైర్ పైపులు, డక్టులు ఒకదానికొకటి తగులుతున్నాయేమో చూసుకోవడానికి వాడాం. బాగుంది, కానీ మోడల్ చేసిపెట్టే మనిషి ఉంటేనే.

ధర మనిషికింత అని ఏడాదికి కడతాం. సబ్ కాంట్రాక్టర్ల లాగిన్లకూ డబ్బే అంటారు. కొనేముందు వాటిని ఉచితంగా ఇప్పించుకోవాలి, లేకపోతే వాళ్లు మళ్లీ వాట్సాప్‌కే పోతారు. అంతకన్నా ముఖ్యమైంది, చందా ఆపాక మన రికార్డు ఏమవుతుందన్నది. రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం ప్రకారం ఫ్లాటు అప్పగించిన ఐదేళ్లలోపు నిర్మాణ లోపం బయటపడితే బిల్డరు 30 రోజుల్లో, అదనంగా ఏమీ తీసుకోకుండా సరిచేయాలి. బిల్డరు మీదికి వచ్చిందంటే తర్వాత కాంట్రాక్టర్ మీదికే. కీస్ ఇచ్చిన రోజున లైసెన్సులు ఆపేస్తే, సరిగ్గా అవసరమయ్యే ఐదేళ్లూ పోర్ కార్డులు చేతిలో ఉండవు. అందుకే ఒప్పందంలోనే రాయించుకోండి: డ్రాయింగులు అన్ని రివిజన్లతో, ఫొటోలు తేదీలతో సహా, చెక్‌లిస్టులు పీడీఎఫ్‌లో, కొలతలు ఎక్సెల్‌లో మొత్తం దించుకోనివ్వాలని. మేం మూడు నెలలకోసారి, రెరా సైట్‌లో ప్రాజెక్టు వివరాలు అప్‌డేట్ చేసే సమయానికే, అన్నీ హార్డ్ డిస్కులోకి దించుతున్నాం. ఫొటోలు ఎలాగూ అప్పుడు కావాల్సి వస్తాయి.

తెల్లాపూర్ వైపు మా కొత్త ప్రాజెక్టు మొదలవుతోంది. దానికి డ్రాయింగులు, చెక్‌లిస్టులు, కొలతలు, ఈ మూడే అడిగాం. షెడ్యూలు, డ్యాష్‌బోర్డు వద్దన్నాం. మొత్తం ప్యాకేజీ తీసుకుంటే తగ్గింపు ఇస్తామని సేల్స్ వాళ్లు వెంటపడుతున్నారు, బేరం ఇంకా తెగలేదు.