సున్నం గోడ మీది జిగురు లైకెన్, పది రెట్ల మడత భూతద్దం

హనుమకొండలో మా పాత ఇంటి సున్నం గచ్చు ప్రహరీ మీద ఎండాకాలమంతా మాడిపోయిన అట్టు పెచ్చులా నల్లగా కరుచుకొని ఉండి, తొలకరి పడగానే ఉబ్బి మెత్తబడే పదార్థమేమిటో తెలుసుకోవాలని నాకు చాలాకాలంగా కోరిక. ఇంట్లో అందరూ దాన్ని పాచి అనే అంటారు. ఈ వానాకాలంలో 450 రూపాయలకు కొన్న మడత భూతద్దంతో అది జిగురు లైకెన్, అంటే శిలీంధ్రం, నాచులాంటి జీవి కలిసి బతికే జంట అని తేల్చుకోగలిగాను.

ఇంతకుముందు తెప్పించిన భూతద్దం మీద ముప్పై రెట్లు అని చెక్కి ఉన్నా, వస్తువును అంగుళం దూరంలో పెడితేనే స్పష్టంగా కనిపించేది. నిజంగా 30 రెట్లు చూపే అద్దానికి ఆ దూరం సుమారు 8 మిల్లీమీటర్లే ఉండాలి. 25 మిల్లీమీటర్లు, అంటే అంగుళం, పది రెట్ల అద్దానికి ఉండే దూరం. కాబట్టి కొనేవారు చెక్కిన అంకెను నమ్మక, స్కేలుతో కొలిచి చూసుకోవాలి. ఇప్పటి అద్దంలో మూడు గాజు బిళ్లలను కలిపి అతికించినందువల్ల అంచుల దాకా బొమ్మ చెదరదు, రంగులు విడిపోవు.

అద్దాన్ని కంటికి ఆనించి, ముఖాన్నే గోడ దగ్గరకు తీసుకెళ్లాలి. ఎండిన పెచ్చు మీద నాలుగు చుక్కల నీళ్లు వేసి కొద్దిసేపు ఆగితే, అది ముదురు ఆకుపచ్చ జెల్లీలా ఉబ్బడం, ముడతలు విచ్చుకోవడం, వాటి నడుమ అంచు కట్టిన ఎర్రటి గోధుమరంగు బిళ్లలు బయటపడడం కళ్లారా చూడవచ్చు. ఆ బిళ్లలు శిలీంధ్రం బీజాలను తయారుచేసే భాగాలు. నేల మీద వానకు ఉబ్బే నాస్టాక్ అనే నీలి ఆకుపచ్చ బాక్టీరియా ముద్ద కూడా జెల్లీలాగే ఉంటుంది గానీ, దానికి ఈ బిళ్లలు ఉండవు. ఈ లైకెన్ లోపల శిలీంధ్రపు పోగుల నడుమ అల్లుకొని ఉండేది కూడా నాస్టాకే కనుక ఒకదాన్ని చూసి మరొకటని పొరబడడం సహజం. మనం మసాలాలో వేసుకునే రాతిపువ్వు కూడా లైకెనే, దాన్ని చీలిస్తే పొరలు విడివిడిగా కనిపిస్తాయి. ఈ జిగురు లైకెన్‌ను కోస్తే లోపలంతా ఒకే ముదురు రంగు.

లైకెన్ పట్టిన గోడ సున్నమో కాదో చూడడానికి రాలిపడిన గచ్చు ముక్క మీద నిమ్మరసం పిండాను, సన్నగా నురగ వచ్చింది. గ్రానైట్ మీద అలా రాదు.

అయితే జిగురు లైకెన్లలోనే కొల్లెమా, లెప్టోజియం వంటి ప్రజాతులను విడదీయడం ఈ అద్దానికి సాధ్యం కాదు. లెప్టోజియానికి ఉండే ఒకే కణం మందపు పైపొరను, బీజాల ఆకారాన్ని చూడాలంటే సూక్ష్మదర్శిని కావలసిందే. ఈ భూతద్దానికి లైటు కూడా లేదు, మబ్బు పట్టిన రోజు ఫోన్ టార్చిని పక్క నుంచి పట్టుకోవాలి. అయినా నేను దీనికి ఐదింట నాలుగు ఇస్తున్నాను.