అణు వ్యర్థం: ట్యాంకుల్లో ఉంచాలా, లోతుగా పూడ్చాలా?

తిరుపతిలో నా దగ్గర చదివే డిగ్రీ పిల్లలు ఏటా ఇదే అడుగుతారు: అణ్వాయుధాల తయారీలో మిగిలిన విషాన్ని ఎక్కడ పెట్టాలి?

ఖర్చు: ట్యాంకు మొదట్లో చవక, కానీ కాపలా ఖర్చు తరతరాలకూ తప్పదు. పూడ్చాలంటే ముందే భారీగా పెట్టాలి.

ముప్పు: అమెరికాలో ఒకప్పుడు అణ్వాయుధాలకు ప్లూటోనియం అనే రేడియోధార్మిక లోహాన్ని తయారుచేసిన హాన్‌ఫర్డ్‌లో 177 ట్యాంకులున్నాయి. పాతవాటిలో చాలా కారాయి. కొలంబియా నది ఆ ప్రాంగణం మీదుగానే పారుతుంది. మన స్వర్ణముఖి ఒడ్డున అలా ఉంటే? తలచుకుంటేనే నాకు భయం. అమెరికాలోనే న్యూ మెక్సికో రాష్ట్రంలో ప్లూటోనియం అంటిన వ్యర్థాన్ని 655 మీటర్ల లోతున ఉప్పు పొరల్లో పూడుస్తున్నారు. అక్కడా 2014లో ఒక డ్రమ్ము పగిలి, దాదాపు మూడేళ్లు పని ఆగింది.

శ్రమ: రెండింటికీ ఎక్కువే.

ద్రవ వ్యర్థాన్ని కరిగిన గాజులో కలిపి గట్టి దిమ్మెలుగా మార్చేదాకా ట్యాంకు తప్పదు, అదీ రెండు గోడలదై ఉండాలి. అణ్వాయుధాల్లో వాడే ప్లూటోనియం సగానికి తగ్గడానికే దాదాపు 24,000 ఏళ్లు పడుతుంది కాబట్టి దానికి లోతైన ఉప్పు పొరే సరి.