వెయ్యి పేజీల కెన్నీ: కొనుక్కోవచ్చా?

ముందే చెప్పేస్తున్నానండి, పడుకుని గుండెల మీద పెట్టుకుని చదివే పుస్తకం కాదిది. వెయ్యి పేజీలు దాటింది, కునుకు పట్టి మొహం మీద పడిందా ముక్కు పగుల్తుంది. కొరియర్ వాడు మా గోదావరి లంకలోకి రానంటే రావులపాలెం వెళ్ళి తెచ్చుకున్నా, అట్ట మూల నలిగిపోయింది, పోన్లే పుస్తకం తప్పు కాదుగా.

ఆంథొనీ కెన్నీ రాసిన ఎ న్యూ హిస్టరీ ఆఫ్ వెస్టర్న్ ఫిలాసఫీ, అంటే పాశ్చాత్య తత్వశాస్త్రం చరిత్ర. 2004 నుంచి 2007 దాకా నాలుగు భాగాలుగా వచ్చింది, 2010లో కలిపి ఒక్కటి చేశారు, నేను కొన్నది అదే.

రాసినాయన సంగతి తెలిస్తే గానీ దీని రుచి తెలీదు. 1931లో లివర్‌పూల్‌లో పుట్టాడు, రోమ్‌లో చదివాడు, 1955లో క్యాథలిక్ ఫాదర్ అయ్యాడు, దేవుడున్నాడని రుజువు చెయ్యగలమా అన్న అనుమానం పట్టుకుంది, ఇంక వదల్లేదు, 1963లో ఫాదర్ పని మానేశాడు. తర్వాత ఆక్స్‌ఫర్డ్, అక్కడ బేలియల్ కాలేజీకి 1978 నుంచి 1989 దాకా మాస్టర్, అంటే కాలేజీకి పెద్ద. అలాగని నాస్తికుడైపోలేదు. ఉన్నాడు అనేవాడూ లేడు అనేవాడూ ఇద్దరూ మాకు తెలుసనే కదా అంటున్నారు, రుజువు వాళ్ళు చూపించాలి, తెలీదనేవాడు తెలీదని ఒప్పుకుంటే సరిపోద్ది, ఇదీ ఆయన లెక్క. మా అరుగు మీదైతే గోడ మీద పిల్లి అనేస్తారు. నేనూ అదే అనుకున్నా మొదట్లో.

కానీ చూడండి, నాలుగు భాగాల్లోనూ ముందు ఆ కాలపు తత్వవేత్తల కథ చెప్పి, తర్వాత తర్కం, జ్ఞానం, మనసు, నీతి ఇలా విషయాల వారీగా వెళ్తాడు, నాలుగింటికీ చివరి చాప్టర్ దేవుడే! మధ్యయుగపు క్యాథలిక్ పండితుడు అక్వినాస్ దేవుడున్నాడనడానికి ఇచ్చిన ఐదు రుజువులూ నిలబడవు, అవి పాతకాలపు ఖగోళంతో ముడిపడిపోయాయి అని 1969లోనే ఒక పుస్తకం రాసిన మనిషి, ఇక్కడ అదే అక్వినాస్‌ని పీట వేసి కూర్చోబెట్టినట్టు మర్యాదగా చెప్తాడు. ఎక్కడా వెటకారం లేదు, నాకు బాగా నచ్చింది అదే.

కెన్నీదే ఇంకో మాట వేరేచోట చదివా. దేవుడున్నాడో లేడో తెలీనివాడు ప్రార్థన చేసినా తప్పులేదట, సముద్రంలో కొట్టుకుపోయేవాడు వినేవాళ్ళున్నారో లేదో తెలీకుండానే కేకేస్తాడు కదా అంటాడు. 2022 జూలైలో గోదావరి వరదకి ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చాక డాబా ఎక్కి రాత్రంతా టార్చిలైటు ఊపినవాళ్ళం మేం, పడవొస్తుందో రాదో ఎవడికి తెలుసు, ఊపాం అంతే. నాకింక వేరే వివరణ అక్కర్లేకపోయింది.

లోటు లేదా అంటే ఉంది. మధ్యయుగపు ముస్లిం తత్వవేత్తలు అవిసెన్నా, అవెర్రోస్ ఉన్నారు గానీ నాగార్జునుడు లేడు, శంకరుడు లేడు, పేరులోనే వెస్టర్న్ అని పెట్టాడు కాబట్టి దెబ్బలాడ్డానికి లేదు. ఫ్రేగె అని జర్మన్ తర్కవేత్త, ఆయన దగ్గర నాకు బుర్ర తిరిగిపోయింది, సగం వదిలేశా. కొత్తవాళ్ళు వరస పెట్టి చదవకండి, ప్రతి భాగంలో కథ చాప్టర్లు చదివేసి తిన్నగా చివరి చాప్టర్‌కి వెళ్ళిపోండి.

నాలుగు స్టార్లు. ఆ లాజిక్ చాప్టర్లు ఎవరికైనా అర్థమైతే కాస్త నాకూ చెప్పండి, టీ నాదే, ఆయ్.