అంజీర అని చెప్పి మేడి పుల్లలు అంటగట్టాడు, జాగ్రత్త

మిద్దెతోట పెంచేవారిలో పార్సిల్‌లో మొక్కల పుల్లలు పంపే ఈ వ్యాపారి దగ్గర కొననివారు తక్కువ, ఎవరి గురించో మీకే తెలుస్తుంది. జనవరి చివరలో 8 డయానా రకం అంజీర పుల్లలు తెప్పించాను. 1,600 రూపాయలు. కొబ్బరి పొట్టులో నాటితే ఆరు ఎండిపోయాయి. వాటి గురించి నాకు బాధ లేదు, నాటిన ప్రతి పుల్లా బతకదు. నా బాధంతా చిగురు వేసిన ఆ రెండింటి గురించే.

ఆకు నున్నగా, కోలగా, ఒక్క చీలిక లేకుండా వచ్చింది. అంజీర ఆకు సాధారణంగా అరచేయిలా మూడు నుంచి ఐదు పాయలుగా విడి ఉంటుంది, వేలితో రాస్తే గరుకు కాగితంలా తగులుతుంది. అనుమానం వచ్చి వెంటనే ఫోను చేశాను. తేడా ఉంటే చెప్పడానికి అతనిచ్చిన 30 రోజుల గడువు అప్పటికి ఇంకా ఉంది.

"లేత ఆకులకు చీలికలు రావమ్మా. ఒక ఆకు తుంచండి. పాలు వచ్చాయా? వచ్చాయంటే అంజీరే, ఇంకేం సందేహం లేదు" అన్నాడు.

తుంచాను. తొడిమ దగ్గర తెల్లటి చుక్క ఉబికి గోటి మీదికి జారింది. అది చూసి సంతోషంతో అమ్మను పిలిచి చూపించాను.

మర్రికి పాలు రావా? రావికి రావా? మేడికి రావా? చెరువు గట్టున మేడి చెట్టు కింద ఆడుకుంటూ పెరిగినదాన్ని, మాను మీదే గుత్తులుగా కాసే ఆ కాయలు ఏరుకున్నదాన్ని, అదే ఆకు చేతిలో ఉన్నా పోల్చుకోలేకపోయాను. తొలి ఆకులకు చీలికలు లేకపోవడం అంజీరలోనూ ఉన్నదే, అందుకే అతని మాట నమ్మాను. అమ్మ పుట్టిల్లు బళ్లారి వైపు. చెట్టున పండిన అంజీర మళ్లీ తినాలని ఆవిడ ఆశ. రెండు నెలలు పొద్దున్నే లేచి ఆ మేడి మొక్కల మీద నీళ్లు చిలకరించింది. నాకు కడుపు మండుతున్నది అందుకు.

మొక్కకు తొమ్మిదేసి ఆకులు వచ్చాయి, అన్నీ అదే తీరు. ఫొటోలు పంపి మళ్లీ ఫోను చేస్తే "గడువు దాటిపోయింది" అన్నాడు. ఆగమన్నది మీరే కదండీ అన్నాను.

"పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీశారా? లేదు కదా. కుండీలో పుల్ల మీరే మార్చలేదని నాకేమిటి నమ్మకం?"

నేను పుల్ల మార్చానట! 1,600 రూపాయల కోసం నేను అబద్ధం ఆడుతున్నానని పక్కన అమ్మ వింటుండగా అన్నాడు. నోట మాట రాలేదు. తేరుకునేలోపే ఫోను పెట్టేశాడు. ఆ తర్వాత నా నంబరే కలవకుండా చేశాడు.

కొనేవారు ఆకులున్న మొక్కనే, ఆకు తడిమి చూసి కొనండి. పుల్లలే కావాలంటే కాపు మీద చెట్టున్నవారిని చలికాలంలో, కొమ్మలు కత్తిరించే సమయంలో అడగండి. పెన్సిలు లావున, జానెడు పొడవున, మూడు నాలుగు కణుపులుంటే చాలు. గోటితో గీకితే బెరడు కింద పచ్చగా ఉండాలి. పార్సిల్‌లో తెప్పించక తప్పకపోతే ముందు వీడియో తీయడం మొదలుపెట్టి, అప్పుడు కత్తెర పట్టండి.